జారిన కత్తి, చిలుకలోని ప్రాణము

(కోదాడలో చదివిన కాంతారావు స్మారకోపన్యాసము: ముద్రిత పాఠము)



ఈ కోదాడ మండలములోని గుడిబండ గ్రామమున 1923వ సంవత్సరము నవంబరు 16వ తేదీన జన్మించి, తాడేపల్లి లక్ష్మీకాంతారావను పేర పెరిగి, నాటకములపైని మక్కువ మదరాసు దారి పట్టింపగా హెచ్.ఎం.రెడ్డిగారి ‘నిర్దోషి’ చిత్రముతో 1951లో తెరపై కాలుమోపి, పిదప నాలుగు వందలకు పైబడిన చిత్రములలో నటించి, ‘కత్తి కాంతారావు’ అని బడిపిల్లవానిచేత సైతము పిలిపించుకొన్న ఆ మహానటుని పేర నాలుగు మాటలు చెప్పుమని మీరు కోరినప్పుడు, ఆయన జీవితచరిత్ర చెప్పుట నా పని కాదని నాకు తోచినది. అది మీలో పలువురు నాకంటె బాగుగ నెరుగుదురు. ఆయన చిత్రములలో మరల మరల వచ్చు కొన్ని ఘట్టములను గూర్చి, వచ్చునని ముందే తెలిసియు వాటికొరకు రాత్రివేళ మూడు కోసులు నడచి వచ్చిన మన పల్లెల ప్రేక్షకులను గూర్చి మాటలాడవలెనని నా కోరిక. ఆ ఘట్టములు మీకందరికిని కంఠస్థములే. మాంత్రికుని ప్రాణము చిలుకలో నుండుట, చిన్ననాడు తప్పిపోయిన బిడ్డ భుజముమీది మచ్చచేత గుర్తింపబడుట, మారువేషము, శత్రువు చేతినుండి కత్తి జారుట. వీనిని చదువుకొన్నవారు ‘పాత చింతకాయ పచ్చడి’ యని తీసివేయుట నా చిన్ననాటినుండియు వినుచునే యున్నాను. ఆ తీసివేత అన్యాయమని చెప్పుటకే నేనీ వేదిక నెక్కితిని.

నా ఎనిమిదవయేట, వరికోతలు ముగిసిన పిమ్మట, మా యూరి చెరువుగట్టు క్రింద డేరా సినిమా వచ్చెను. ఎద్దుబండిమీద మైకు కట్టి, రంగురంగుల కరపత్రములు వెదజల్లుచు ఊరూర తిరిగిన ఆ బండి వెంట మేము మైలు దూరము పరుగెత్తితిమి. నేల టిక్కెట్టు కొనినవారు ఇసుకను కుప్పగా చేసికొని దానిపై కూర్చుండి, ముందున్నవాని తల అడ్డము వచ్చినచో ఆ కుప్పను మరికొంత ఎత్తు చేసికొనుట వాడుక. ఆ రాత్రి చూచిన కాంతారావు జానపద చిత్రము పేరు నేను చెప్పజాలను. ఆ యేటను ఆ తరువాతి యేళ్లలోను చూచిన నాలుగైదు చిత్రములు నా స్మృతియందు ఒక్కటే చిత్రముగా కలిసిపోయినవి. మా నాయనమ్మ మాత్రము దానిని అంతకుముందే జాతరలో రెండు మారులు చూచి యుండెను. యువరాజు కోటలోని చీకటి మంటపము దాటుచుండగా, స్తంభము చాటున భటుడొకడు బాకెత్తి నిలిచెను. ఆమె ఇసుక కుప్పమీదినుండి దిగ్గున లేచి, తెరవంక చేయి చాచి, “ఓ బిడ్డా, ఎన్కకు సూడు! కంబం సాటుకు నిల్సున్నడు!” అని కేక వేసెను. ఆమె కొంగు పట్టి నేను కూర్చుండబెట్టితిని. “నీకెర్కే గద నాయినమ్మా, ఆయిననే గెలుస్తడని. మరి గంతగనం భయపడ్తవేంది?” అని అడిగితిని. ఆమె నావైపు తిరుగనైన తిరుగక, “నాకెర్కయితే ఏంది? ఆయనకెర్క లేదు గద!” అనెను.

అటుతరువాత అలంకారశాస్త్రము కొంత చదివితిని, పాశ్చాత్య విమర్శయు కొంత చదివితిని. ఆ ఒక్క మాటకు మించినది నాకింతవరకు కనబడలేదు. ఆమెకు తెలియును, ఆయనకు తెలియదు. ఈ రెంటి నడుమనున్న ఎడమునందే జానపద చిత్రముయొక్క రసమంతయు నున్నది. కథ తెలియనివానికి కుతూహల మొక్కటే కలుగును. కథ తెలిసినవానికి కుతూహలమునకు బదులు కరుణ కలుగును, ఆపేక్ష కలుగును, ఎదుటివానిని కాపాడవలెనను తహతహ కలుగును. ఆలంకారికుడైన ఆనందవర్ధనుడు రామాయణాది కథలను రసము ముందే సిద్ధించిన సిద్ధరసములని చెప్పి, అట్టివానియందు రసమునకు విరుద్ధమైన సొంత కల్పనను జొప్పింపరాదని కవులను హెచ్చరించినాడు. మన జానపద చిత్రములను ఆయన చూచియుండినచో వానినిగూడ ఆ కోవలో చేర్చెడివాడని నా విశ్వాసము.

డేరా సినిమాయందు సాధారణముగ ప్రొజెక్టరు ఒక్కటే యుండెడిది. 1000 అడుగుల రీలు తెరపై సుమారు 11 నిమిషములు నడచును. అది ముగిసినంతనే దీపము వెలుగును, ఆపరేటరు రీలు మార్చును, కార్బను కడ్డీలను సరిచూచుకొనును. అంతవరకు కథ ఎక్కడిదక్కడ ఆగిపోవును. దర్శకుడు కోరని చోట పడిన ఆ విరామములే మాకు పాఠశాలలైనవి. తెర తెల్లబోయినంతనే మునుపు చూచినవారు చూడనివారికి రాబోవు కథ చెప్పెడివారు. ఒకడు చెప్పుచుండగా మరియొకడు “కాదు, ముందుగల గుహ వస్తది, ఎన్క పాము వస్తది” అని దిద్దెడివాడు. దీపమారి మరల బొమ్మ పడునప్పటికి, తరువాతి 11 నిమిషములును నేల తరగతి యావత్తునకు పాఠమైపోయి యుండెడివి. అయినను ఒక్కరైనను లేచి పోయెడివారు కారు. ఏమి జరుగునో తెలిసికొనుట వారి పనియే కాదు; అది ఎట్లు జరుగునో, ఎంతసేపు ఊరించి జరుగునో, కాంతారావు ఆ క్షణమున కనుబొమ నెట్లెత్తునో చూచుటకు వారు వచ్చిరి.

ఈ అలవాటు సినిమా నేర్పినది కాదు. సూర్యాపేట చెంత దురాజుపల్లి పెద్దగట్టుపై రెండేండ్లకొకసారి లింగమంతుల స్వామి జాతర జరుగునప్పుడు, గజ్జెల లాగులు తొడిగి భేరీల మోతల నడుమ ‘ఓ లింగా’ యని గట్టెక్కువారిలో ఆ దేవుని కథ తెలియనివాడు ఎవడు? అయినను కథ చెప్పువాడు నోరు విప్పినచో వేలమంది చెవులు రిక్కించి విందురు. బుర్రకథయైనను ఒగ్గుకథయైనను చిందు భాగవతమైనను అంతియే. కొత్త కథ చెప్పుదునన్నవానికి మన పల్లెలో చాప పరచువాడు లేడు. తెలిసిన కథను కొత్తగా చెప్పువానికి మాత్రము తెల్లవార్లు చమురు పోసెదరు.

చిలుక సంగతి చూడుడు. బాలనాగమ్మ కథలో మాంత్రికుడగు మాయల మరాఠీ ప్రాణము ఏడు సముద్రముల కావలి చిలుకలో నున్నది. ఆ చిలుకను తెచ్చువాడు ఆమె కుమారుడైన బాలవర్ధిరాజు. బుర్రకథగా పల్లెపల్లెన పాడుకొన్న ఈ కథను 1942లో జెమినీవారు కాంచనమాలతో చిత్రముగా తీసిరి. మరాఠీగా డాక్టరు గోవిందరాజుల సుబ్బారావుగారు నటించిరి. అదేవిధముగా రష్యాదేశపు జానపదములో కొష్చేయి యను చావులేని దుష్టుని ప్రాణము సూదిమొనలో నుండును. ఆ సూది గ్రుడ్డులోను, గ్రుడ్డు బాతులోను, బాతు కుందేటిలోను దాగియుండును. ఆ దేశపు పండితుడే వ్లదీమిర్ ప్రొప్ 1928లో అద్భుత కథలను విడదీసి చూచి, పాత్రల పేర్లెన్ని మారినను వారు చేయు పనులు 31 మాత్రమే యని తేల్చినాడు. కోదాడ ముసలమ్మయు మాస్కో ముసలమ్మయు ఒకరి ముఖ మొకరు చూచినవారు కారు. అయినను దుష్టుని బలము వాని యొడలిలో లేదనియు, ఎక్కడనో దాచిపెట్టబడినదనియు, దానిని వెదకి పట్టగల పసివాడొకడు పుట్టుననియు ఇరువురును తమ మనుమలకు చెప్పిరి. దొరల గడీల నీడలో బ్రతికిన మన తల్లులకు ఈ కథ ఎంత అవసరమో నేను వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక ఆనవాలు. తాయెత్తు, పుట్టుమచ్చ, చిన్ననాటి పాట, సగము విరిగిన ఉంగరము: వీనిచేత తల్లి బిడ్డను, అన్న తమ్ముని గుర్తించుట. గ్రీకు ఆచార్యుడైన అరిస్టాటిలు గుర్తింపు ఘట్టములను వర్గములుగా చేసి, ఇట్టి బాహ్యచిహ్నములచేత జరుగు గుర్తింపు కళాహీనమైనదని తక్కువ స్థానమిచ్చినాడు. ఆయన పాండిత్యమునకు నమస్కరించుచునే నేనీ తీర్పుతో విభేదించుచున్నాను. మహాభారతములోని శకుంతల కథలో ఉంగరము లేదు. కాళిదాసు దానిని తెచ్చినాడు. సూర్యాపేట ప్రక్కనున్న పిల్లలమర్రి పేరునే ఇంటిపేరుగా ధరించిన పినవీరభద్రుడు పదునైదవ శతాబ్దిలో ‘శృంగార శాకుంతలము’ రచించునప్పుడు భారతకథను కాళిదాసు కథతో మేళవించినాడు. ఉంగరము బాహ్యచిహ్నమే. అయినను అది చేప కడుపున నున్నంత కాలము మన గుండె చేపతోబాటు నీటిలో నీదుచుండును. మనకు తెలియును, దుష్యంతునకు తెలియదు. మరల మా నాయనమ్మ మాటయే.

‘లవకుశ’ను తలచుకొనుడు. 1963లో వచ్చిన ఆ తొలి తెలుగు రంగుల చిత్రమును చూచుటకు బండ్లు కట్టుకొని కుటుంబములకు కుటుంబములే తరలివచ్చిన ముచ్చటను ఈ ప్రాంతపు పెద్దలందరును చెప్పుదురు. తండ్రియెదుట బిడ్డలు విల్లెత్తి నిలుచుందురు; వారి బంధుత్వము సభలోని చంటిబిడ్డ తల్లికి తెలియును, రామునకు తెలియదు. ఆ చిత్రములో సీతను అడవిలో విడిచి మరలివచ్చు లక్ష్మణుడు మన కాంతారావే.

ఇచ్చట ఒక్క క్షణము నిలువవలసియున్నది. ఆ 1963లోనే ఆయన ‘శ్రీకృష్ణార్జున యుద్ధము’లో నారదుడు, ‘నర్తనశాల’లో శ్రీకృష్ణుడు, విఠలాచార్యగారి ‘గురువును మించిన శిష్యుడు’లో కథానాయకుడు. నారదుడనగా ఎవడు? జరుగబోవునది సర్వమును తెలిసినవాడు, తెలిసియు చిరునవ్వుతో కథను ముందుకు నెట్టువాడు. కృష్ణుడును అంతియే. జానపద వీరుడో, స్తంభము చాటున నెవడున్నాడో తెలియనివాడు. ఒక్క సంవత్సరములో ఒక్క నటుడు తెలిసినవాని పక్షమునను తెలియనివాని పక్షమునను నిలిచి, రెండు విధములను ఒప్పించినాడు. ఆయన నారదుని కన్నులలోని కొంటెతనము, యువరాజు కన్నులలోని నిష్కపటత్వము పక్కపక్కన పెట్టి చూచినవారికి, ఆయనను కత్తి ఒక్కదానికే కట్టివేయుట ఎంత పొరపాటో తెలియును.

అయినను కత్తిని గూర్చి చెప్పక తప్పదు. నేను మిర్యాలగూడలో ఉపాధ్యాయుడనై పని చేయు కాలమునకు సాగరు ఎడమకాలువ నీరు వచ్చి, పొలములు పచ్చబడి, ఊరిచుట్టును రైసుమిల్లులు వెలసియుండెను. ఒకనాటి రెండవ ఆట. పాత జానపదము మరల వేసిరి. నా ముందు వరుసలో మిల్లునుండి నేరుగ వచ్చిన హమాలీ యొకడు, భుజములపై తవుడింకను దులుపుకొననివాడు, తన ఏడెనిమిదేండ్ల కొడుకును ఒడిలో కూర్చుండబెట్టుకొని చూచుచుండెను. మెట్లమీద ద్వంద్వయుద్ధము. ఎక్కుట, దిగుట, తెర చీలుట, దీపస్తంభము కూలుట అన్నియు క్రమముగా జరిగినవి. ఆ వెంటనే శత్రువు చేతి కత్తి జారి మెట్లమీద దొర్లెను. హాలులోని ఈలలన్నియు ఒక్కసారిగా ఆగిపోయినవి. హమాలీ కొడుకు చెవిలో, “ఇగ సూడు, తీసుకొమ్మంటడు” అని గుసగుసలాడెను. కాంతారావు ఒక్కడుగు వెనుకకు వేసి, తన కత్తిమొన దించి, చూపుతోనే ‘తీసికొను’మనెను. అప్పుడు లేచిన ఈలలకు పైకప్పు రేకులు అదరినవి. ఆ పిల్లవాడు తండ్రి ముఖమువంక చూచెను, తెరవంక కాదు.

ఈ ఒక్క ఘట్టమునకై నేను నూరు జానపదముల లోపములను మన్నింతును. నిరాయుధుని కొట్టరాదను ధర్మమును నేను తరగతిలో ఎన్నియో మారులు పాఠముగ చెప్పితిని. పిల్లలు పరీక్షకొరకు వ్రాసిరి. ఆ మెట్లమీద జారిన కత్తి చెప్పినది వారి యొంట పట్టినది. అది చిత్రచిత్రమునకు పునరావృత్తమైనందుననే పట్టినది. ఒక్కసారి చూచినచో అది వీరుని యిష్టముగా తోచెడిది. పదిసార్లు చూచినందున లోకముయొక్క నియమముగా నిలిచినది.

విఠలాచార్యగారిని గూర్చి కొంచెము. ఉడుపి ప్రాంతమునుండి వచ్చిన ఈ దర్శకుడు ‘జయవిజయ’, ‘కనకదుర్గ పూజామహిమ’, ‘మదన కామరాజు కథ’, ‘నవగ్రహ పూజామహిమ’, ‘జ్వాలాద్వీప రహస్యం’ మున్నగు చిత్రములలో కాంతారావును మన యింటి యువరాజుగా నిలిపినాడు. ఇట్టి చిత్రములలోని మాయలకు సాధనములు స్వల్పములు. మనిషి మాయము కావలెనన్నచో కెమెరా నాపి, ఒకనిని ప్రక్కకు పంపి, మిగిలినవారు రెప్పయైన కదపక నిలిచియుండగా మరల తిప్పుదురు. గోడమీదికి ఒక్క గంతున ఎగురవలెనన్నచో గోడమీదినుండి క్రిందికి దుమికించి, ఆ తునకను తుదినుండి మొదటికి నడిపింతురు. కెమెరా ఆగినప్పుడు కదలక నిలిచిన నటుని శ్రమ మనకు కనబడదు. ఆ నిలుకడలో కాంతారావు గట్టివాడు.

ఇంతవరకు పొగడితిని. నాకు నచ్చని ఆవృత్తి యొకటి కలదు. దానిని దాచినచో ఈ వేదికకు ద్రోహము చేసినవాడ నగుదును. అడవిలో పెరిగిన పేదవాడు అద్భుత కార్యములు చేయును, దుష్టుని గెలుచును, రాకుమారి మనసు గెలుచును. తీరా కడపటి రీలులో మచ్చయో తాయెత్తో బయటపడి, అతడు పేదవాడే కాడనియు, పుట్టుకతోనే రాజకుమారుడనియు తేలును. అప్పుడు నేల తరగతిలో కూర్చున్నవానికి మిగులునదేమి? తనవాడనుకొని ఈల వేసినవాడు తనవాడు కాకపోయెను. ఈ మూసను విరిచిన చిత్రము ‘పాతాళభైరవి’. కె.వి.రెడ్డిగారి ఆ చిత్రములోని తోటరాముడు తోటమాలి కొడుకుగా పుట్టినాడు, తోటమాలి కొడుకుగానే ఉజ్జయిని రాకుమారిని పెండ్లాడినాడు. అతని భుజముపై రాచమచ్చ యేదియును లేదు. ఆ చిత్రము విడుదలయైనది 1951 మార్చి 15వ తేదీన. దున్నువానికే భూమి యని ఇదే సూర్యాపేట, హుజూర్‌నగరు తాలూకాలలో సాగిన సాయుధ పోరాటమును విరమించినది ఆ సంవత్సరము అక్టోబరులోనే. ఈ రెంటికిని సంబంధము కలదని నేననను. కాని ఆ యేట ఈ నేలమీద తోటరాముని చూచినవాడు, తోటమాలి కొడుకు రాజ్యము నేలవచ్చునను ఊహను కొత్తగా నేర్చుకొనవలసిన పనిలేదు. తరువాతి చిత్రములనేకము తోటరామునివెంట పోక, దాగిన రాకుమారునివెంట పోవుట నాకు నేటికిని బాధ కలిగించును.

కత్తులు ఒరలకు చేరి సాంఘిక చిత్రములు విరివిగ వచ్చిన పిమ్మటను ఈ ఘట్టములు చావలేదు, వేషము మార్చినవి. చిన్ననాడు చెల్లాచెదరైన అన్నదమ్ములు ఒక్క పాటచేత కలిసికొనుటను 1975 నాటి ‘అన్నదమ్ముల అనుబంధం’లో చూచితిమి. తాయెత్తు పాటయైనది, అంతియే భేదము. 2015లో ‘బాహుబలి’ వచ్చినప్పుడు, నదిలో మునిగిపోవుచు శిశువును నీటిపైకెత్తి పట్టిన రాజమాత చేతిని, ముఖమును చూచి తన ప్రభువును గుర్తించి ఆ యువకుని పాదము తలపై నుంచుకొన్న కట్టప్పను చూచి, నా ప్రక్కనున్న ఇంజనీరింగు విద్యార్థులు కుర్చీలపై నిలుచుండి ఈలలు వేసిరి. వారికది కొత్త. నాకది మా చెరువుగట్టు. నా కన్నులు చెమర్చినవి. ఆ చిత్రమునందును దాగిన రాకుమారుడే గెలిచినాడన్న నా వెనుకటి ఆక్షేపణ అట్లే యున్నది; అయినను ఆ గుర్తింపు ఘట్టము నన్ను జయించినది.

అన్ని పునరావృత్తులును ఒక్క తరగతివి కావు. నాయకుడు కారు దిగు ప్రతిసారి దుమ్ము లేచుటయు, బూటు కనబడుటయు, పదిమంది గాలిలో నెగురుటయు నేడు అలవాటైనవి. నేను వీనిని వలదనను. కాని ఆ సమయమున ప్రేక్షకునకు తెలిసి నాయకునకు తెలియనిది ఏదియును లేదు. అతనికి మన సాయము అక్కరలేదు. అట్టివానికొరకు “ఎన్కకు సూడు బిడ్డా” అని లేచు నాయనమ్మ యుండదు. పెద్ద ఘట్టమునకును వట్టి ఆర్భాటమునకును నేను పెట్టుకొన్న గీటురాయి ఇదియే: ఆ క్షణమున సభలో నెవరైనను నాయకుని కొరకు భయపడుచున్నారా?

కాంతారావు స్వయముగా చిత్రములు నిర్మించి నష్టపోయి, కడపటి యేళ్లలో బుల్లితెర ధారావాహికలలోగూడ నటించి, 2009 మార్చి 22వ తేదీన హైదరాబాదులో కన్నుమూసినాడు. ఆ జులై నెలాఖరున ‘మగధీర’ విడుదలయ్యెను. నూరుగురితో ఒక్కడు కత్తి పట్టి పోరాడు ఘట్టమునకు తెలుగుదేశమంతయు మరల లేచి నిలుచున్నది. మరి నాలుగు మాసములకు పైబడి జీవించియున్నచో ఆయన దానిని చూచియుండెడివాడు.

యువకులారా, మీతో ఒక్క మాట. ఆ డేరాలు లేవు; ఆ రీళ్లలో ఎన్నో చెడిపోయినవి. కాని ఆ ఇసుక కుప్పలమీద కూర్చున్నవారు కొందరింకను మీ యిండ్లలో మంచములపై నున్నారు. ఏ చిత్రమును ఎక్కడ చూచిరో, రీలు మారునప్పుడు ప్రక్కవానికి ఏమి చెప్పిరో, తెరవంక చేయి చాచి ఏమని కేక వేసిరో అడిగి, వారి నోట వచ్చిన మాటలను వారి మాటలలోనే వ్రాసికొనుడు, దిద్దకుడు. సూర్యాపేటలో కొందరు, మిర్యాలగూడలో కొందరు, కోదాడలో కొందరు పూనుకొన్నచో వచ్చే నవంబరు 16వ తేదీ నాటికి ఒక పుస్తకమగును. మొదట గుడిబండకు పొండు.